సంఘాన్ని బిషప్పులు పాలించాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

“మీరు ఏ మిషన్?” అనే ప్రశ్నకూ ఈ వివాదానికీ సంబంధం ఏమిటి?

తెలుగు క్రైస్తవ కుటుంబాలు పెళ్ళి సంబంధం మాట్లాడుకునేటప్పుడు “మీరు ఏ మిషన్?” అని అడగడం నేటికీ వినిపిస్తుంది. ఆర్‌సీఎం (రోమన్ కథోలికులు), లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), బ్రదరన్ అనే జవాబుల వెనుక బాప్తిస్మం గురించీ ప్రభువు బల్ల గురించీ భేదాభిప్రాయాలు ఉన్న మాట నిజమే. అయితే వాటికి దీటైన మరో భేదం, సంఘంలో చివరి మాట ఎవరిది అన్న దగ్గర ఉంది. ఒక ప్రాంతంలోని సంఘాలన్నిటి మీదా ఒక బిషప్పు ఉండి, పాస్టర్లకు అభిషేకం చేసి, వారిని అక్కడికీ ఇక్కడికీ పంపే పద్ధతి ఒకటి. పాస్టర్లూ సంఘ పెద్దలూ సమాన హోదాతో సభగా కూర్చుని నిర్ణయించే ప్రెస్బిటేరియన్ పద్ధతి రెండవది. ప్రతి స్థానిక సంఘమూ తన పాస్టరును తానే పిలుచుకుని, పైన ఎవరి ఆజ్ఞకూ లోబడని కాంగ్రిగేషనల్ పద్ధతి మూడవది. బాప్టిస్టులు ఈ మూడవ దారిలోనే నడుస్తారు.

బైబిల్లో బిషప్పు అనే పదవి ఉందా?

తెలుగు బైబిలు చదివేవారికి ఈ ప్రశ్న సులభంగా తట్టదు, ఎందుకంటే అందులో బిషప్పు అనే మాటే కనిపించదు. గ్రీకులో “ఎపిస్కొపొస్” అని ఉన్న చోట మన అనువాదకులు “అధ్యక్షుడు” అని రాశారు. పైనుండి కనిపెట్టి చూసేవాడు అని ఆ గ్రీకు పదానికి అర్థం. ఇంగ్లీషు బిషప్ కూడా దానినుండే అరిగి అరిగి వచ్చింది. “ఎవడైనను అధ్యక్షపదవిని ఆశించినయెడల” అన్న 1 తిమోతి 3:1 వచనం చదివినప్పుడు మనకు పార్టీ అధ్యక్షుడో సభాధ్యక్షుడో మనసులో మెదులుతాడు తప్ప, ఊదారంగు అంగీ వేసుకుని చేతికర్ర పట్టుకున్న బిషప్ గారు మెదలరు. ఈ అనువాదం తెలిసో తెలియకో మనవారిని సగం వివాదం నుండి తప్పించిందని నాకు అనిపిస్తుంది.

వివాదానికి మూలం ఏమిటంటే, కొత్త నిబంధనలో అధ్యక్షుడూ పెద్దా వేర్వేరు హోదాలుగా స్పష్టంగా విడిపోలేదు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించి, 28వ వచనంలో ఆ పెద్దలనే అధ్యక్షులంటాడు. తీతు 1వ అధ్యాయంలో ప్రతి పట్టణంలోనూ పెద్దలను నియమించమని 5వ వచనంలో చెప్పి, 7వ వచనానికి వచ్చేసరికి అధ్యక్షుని లక్షణాలు వివరిస్తాడు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మొదటి వచనంలో అధ్యక్షులకు, పరిచారకులకు వందనాలున్నాయి, అదీ బహువచనంలో. అంటే ఒకే పట్టణంలో పలువురు అధ్యక్షులున్నారన్న మాట. ప్రెస్బిటేరియన్ల వాదమంతా ఈ మూడు చోట్ల మీదనే నిలిచింది.

బిషప్పుల పక్షం వారు అదే తీతు పత్రికను మరోవైపు నుండి చదువుతారు. క్రేతు ద్వీపంలో పెద్దలను నియమించే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఒక్క తీతు చేతిలో. ఎఫెసులో పెద్దల మీద వచ్చిన ఫిర్యాదును విచారించవలసినవాడు ఎవరు? ఒక్క తిమోతి. కాబట్టి పేరు ఏదైనా, పెద్దల పైన ఒక మనిషి అప్పటికే ఉన్నాడని వారి సమాధానం. వాక్యం ఒక్కటే పెట్టుకుని ఈ వాదాన్ని తేల్చడం ఇరుపక్షాలకూ సాధ్యం కాలేదు.

మరి ఒక పట్టణానికి ఒకే బిషప్పు అన్న పద్ధతి ఎప్పుడు మొదలైంది?

రెండవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ హతసాక్షిగా రోముకు వెళుతూ దారిలో రాసిన లేఖలలో ఒక బిషప్పు, ఆయన చుట్టూ పెద్దల సభ, వారికి సాయంగా పరిచారకులు అనే మూడంచెల అమరిక స్పష్టంగా కనిపిస్తుంది. బిషప్పు లేకుండా సంఘ విషయంలో ఏదీ చేయవద్దని ఆయన పదే పదే హెచ్చరించాడు. అంతగా హెచ్చరించవలసి వచ్చిందంటే, బిషప్పు లేకుండా పనులు చేసుకునేవారు ఆనాడు ఉన్నారనే కదా అర్థం! అంతకు కొద్ది ఏళ్ళ ముందు రోము నుండి కొరింథుకు వెళ్ళిన క్లెమెంటు లేఖలో పెద్దలను తొలగించిన తగాదా గురించి ఉంది కాని, ఆ తగాదా తీర్చవలసిన ఒక్క బిషప్పు ఊసు లేదు.

నాలుగవ శతాబ్దం చివరికి బైబిలు పండితుడు జెరోము ఒక మాట బయటపెట్టాడు. మొదట్లో సంఘాలను పెద్దలే ఉమ్మడిగా నడిపించేవారనీ, “నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను” అని వర్గాలు ఏర్పడ్డాక ఆ చీలికలకు మందుగా ఒకరిని మిగిలినవారి మీద పెట్టారనీ, బిషప్పుల ఆధిక్యం ప్రభువు నియమం వలన కంటే ఆచారం వలన వచ్చిందనీ ఆయన భావం. పదిహేడవ శతాబ్దంలో బిషప్పుల వ్యతిరేకులు ఈ మాటను ఎన్నిసార్లు వాడుకున్నారో లెక్క లేదు. అయితే జెరోము దాన్ని రోగమనలేదు, మందన్నాడు. ఆ సంగతిని వారు కొంచెం తొందరగా దాటేశారు.

ఇక్కడ కార్తేజు బిషప్పు సిప్రియానును మరువకూడదు. మూడవ శతాబ్దంలో బిషప్పు అధికారాన్ని ఆయనంత గట్టిగా సమర్థించినవారు అరుదు. అయినా తన పెద్దల సలహా, ప్రజల సమ్మతి లేకుండా సొంత అభిప్రాయంతో ఏదీ చేయకూడదని పదవిలోకి వచ్చినప్పుడే నిశ్చయించుకున్నట్లు తన పెద్దలకు, పరిచారకులకు రాశాడు. బిషప్పు ఉండాలా వద్దా అన్నదానికంటే, ఉన్న బిషప్పును ఏది కట్టి ఉంచుతుంది అన్నదే అసలు ప్రశ్న అని నేను నమ్మడానికి సిప్రియాను ఒక కారణం.

ఇంగ్లాండు, స్కాట్లాండులలో ఈ వాదం యుద్ధం దాకా ఎందుకు వెళ్ళింది?

ఎందుకంటే అక్కడ బిషప్పును రాజు నియమించేవాడు, ఆ బిషప్పు ప్రభువుల సభలో కూర్చుని రాజుకు ఓటు వేసేవాడు, సంఘ న్యాయస్థానంలో మనుషులను శిక్షించేవాడు. సంఘ పాలన, రాజ్య పాలన ఒకే ముడిలో ఉన్నప్పుడు ఒక కొసను లాగితే రెండవది కదలక మానదు. జెనీవాలో సంఘ సంస్కర్త కాల్విను 1541లో అమలు చేయించిన నిబంధనలలో పాస్టర్లు, బోధకులు, పెద్దలు, పరిచారకులు అనే నాలుగు పదవులే ఉన్నాయి, బిషప్పుకు చోటు లేదు. ఆ మార్గం స్కాట్లాండులో వేళ్ళూనింది. దేశంలో రెండు రాజ్యాలున్నాయనీ, క్రీస్తు రాజ్యమైన సంఘంలో రాజు జేమ్స్ ఏలికా కాదు, అధిపతీ కాదు, ఒక సభ్యుడు మాత్రమేననీ అక్కడి ప్రెస్బిటేరియన్ నాయకుడు ఆండ్రూ మెల్విల్ రాజు ముఖం మీదే చెప్పాడు. ఆ జేమ్స్ ఇంగ్లాండు సింహాసనం ఎక్కాక 1604లో హాంప్టన్ కోర్టు రాజభవనంలో, ఇంగ్లాండు సంఘాన్ని ఇంకా సంస్కరించాలని కోరిన ప్యూరిటన్లతో జరిగిన చర్చలో “బిషప్పు లేకపోతే రాజూ లేడు” అన్నాడు. పాత అవమానం ఆయన మరిచిపోలేదు.

జేమ్స్ కుమారుడు మొదటి చార్లెస్, ఆర్చిబిషప్ లాడ్ కలిసి 1637లో స్కాట్లాండు మీద కొత్త ప్రార్థన పుస్తకాన్ని రుద్దబోతే ఎడింబరో సెయింట్ జైల్స్ ఆలయంలో గలభా జరిగింది. 1638లో ఆ మార్పులను ఎదిరిస్తామన్న ప్రతిజ్ఞ అయిన జాతీయ నిబంధన మీద జనం సంతకాలు చేశారు, అదే ఏడాది గ్లాస్గోలో కూడిన మహాసభ బిషప్పుల పదవినే రద్దు చేసింది. 1639, 1640లలో జరిగిన పోరాటాలకు చరిత్రకారులు పెట్టిన పేరే బిషప్పుల యుద్ధాలు. 1640 డిసెంబరులో లండను ప్రజలు సుమారు 15,000 సంతకాలతో పార్లమెంటుకు ఇచ్చిన విన్నపం, బిషప్పుల పాలనను వేళ్ళతో కొమ్మలతో సహా పెరికివేయమని కోరింది. లాడ్ 1645 జనవరిలో శిరచ్ఛేదానికి గురయ్యాడు, 1646లో పార్లమెంటు ఇంగ్లాండులో బిషప్పుల పదవిని ఎత్తివేసింది, 1649లో రాజు తల కూడా తెగింది. జేమ్స్ పలికిన మాట ఆ విధంగా అక్షరాలా నిజమైంది.

1660లో రాచరికంతో పాటు బిషప్పులూ తిరిగి వచ్చారు. 1662 నాటి చట్టం, బిషప్పు చేతిమీదుగా అభిషేకం పొందనివారు ఇంగ్లాండు సంఘంలో పాస్టరుగా ఉండరాదని తేల్చింది. ఆ కాలంలో పదవులు పోగొట్టుకున్న పాస్టర్లు సుమారు 2,000 మంది. “మీ మీద సరైన చేతులు పడలేదు, మళ్ళీ అభిషేకం పొందండి” అన్న ఆ షరతు ఎంతగా నొప్పించిందంటే, దాదాపు మూడు వందల ఏళ్ళ తరువాత దక్షిణ భారతంలోని సంఘాలను ఏకం చేయడానికి మద్రాసులో చర్చలకు కూర్చున్నవారికి కూడా ఆ గాయం తగులుతూనే ఉంది.

అప్పట్లో మధ్యేమార్గం ఎవరికీ తోచలేదా?

తోచింది. ఐర్లండులోని ఆర్మా ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1641 ప్రాంతంలో ఒక పథకం తయారు చేశాడు. దాని ప్రకారం బిషప్పు పదవి ఉంటుంది, కాని ఆయన ఒంటరిగా ఆజ్ఞాపించే అధికారి కాక పెద్దల సభకు అధ్యక్షుడుగా, వారితో కలిసి నిర్ణయాలు చేస్తాడు. అప్పటికే చేతులు కత్తుల మీదకు పోయినందువల్ల ఎవరూ వినిపించుకోలేదు. ఆ ఆలోచనకు దగ్గరి రూపం ఆచరణలోకి వచ్చిన చోట్లలో మన దక్షిణ భారతం ఒకటి.

ఇంగ్లాండు తగాదా తెలుగు ఊళ్ళకు ఎలా చేరింది?

మిషనరీల పెట్టెలలో చేరింది. విశాఖపట్నానికి 1805లో వచ్చిన లండన్ మిషన్ వారు ప్రధానంగా కాంగ్రిగేషనల్ పద్ధతివారు. తరువాత కడప, గుత్తి ప్రాంతాలలోనూ వారి సంఘాలు పెరిగాయి. 1836లో నరసాపురం వైపు వచ్చిన బ్రదరన్ వారికి బిషప్పు సంగతి అటుంచి, జీతం పుచ్చుకునే పాస్టరు కూడా సమ్మతం కాదు. మచిలీపట్నంలో 1841 నుండి పనిచేసిన సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) వారు ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లాండు సంఘానికి చెందిన బిషప్పుల వారు. మెదక్ వైపు వచ్చిన వెస్లియన్ మెథడిస్టులకు ఇంగ్లాండులో బిషప్పులు లేరు. హైదరాబాదులో పనిచేసిన అమెరికా మెథడిస్టులకు మాత్రం బిషప్పులున్నారు, కాని అపొస్తలుల నుండి తెగకుండా వచ్చిన వారసత్వం తమకుందని వారు చెప్పుకోరు.

మెదక్ చర్చి ఈ చరిత్రకు ఒక చక్కని గుర్తు. కతీడ్రల్ అంటే బిషప్పు పీఠమున్న ఆలయం. కాని 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ జరిగేనాటికి దాన్ని కట్టించిన మిషనుకు బిషప్పే లేడు! 1947లో మెదక్ డయోసిస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) ఏర్పడ్డాకనే అక్కడికి పీఠం వచ్చింది.

ఐక్యతకు దోర్నకల్ బిషప్ అజరయ్య చేసింది ఏమిటి?

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి జిల్లాకు చెందిన తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడైన మొదటి బిషప్పుగా దోర్నకల్ వచ్చాడు. తెల్లదొరలే బిషప్పులుగా ఉన్న రోజులలో ఒక నల్లని మనిషి ఆ పీఠం మీద కూర్చోవడమే మాల మాదిగ పల్లెల క్రైస్తవులకు ఒక వార్త. బిషప్పు పాలన మంచిదా చెడ్డదా అన్న యూరపు వాదం ఇక్కడ కొంత మారింది. పరాయి పాలనకు గుర్తయిన పదవిలోకి మనవాడు వస్తే అది ఏమవుతుంది అన్న కొత్త ప్రశ్న దానికి తోడైంది.

1919 మే మొదట్లో తమిళ తీరంలోని తరంగంబాడిలో అజరయ్య చొరవతో సంఘాల ఐక్యత గురించి మాట్లాడడానికి 33 మంది సేవకులు కూడారు, వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. తమను విడదీసిన చీలికలు తమకు తెలియని చోట, తమ ప్రమేయం లేకుండా పుట్టినవని వారు తమ ప్రకటనలో చెప్పుకున్నారు. ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు 1908లోనే సౌత్ ఇండియా యునైటెడ్ చర్చిగా ఏకమై ఉన్నాయి. వారికీ ఆంగ్లికన్లకూ మధ్య ఐక్యతకు నాలుగు ఆధారాలను తరంగంబాడి సభ ప్రతిపాదించింది: పరిశుద్ధ గ్రంథం, రెండు విశ్వాస ప్రమాణాలు (అపొస్తలుల, నైసీయ), రెండు సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభువు బల్ల), స్థానిక అవసరానికి తగినట్లు మలచుకున్న చారిత్రక బిషప్పు పదవి. ఇది ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పుల 1888 లాంబెత్ సభ చెప్పిన నాలుగు అంశాలకు ప్రతిరూపం. మొదటి మూడింటి మీద పెద్దగా పేచీ లేదు. నాలుగవ దాని వల్ల 28 ఏళ్ళు గడిచాయి. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు, ఐక్యతను చూడలేదు.

నాలుగవ అంశం మీద అన్నేళ్ళు ఎందుకు పట్టింది?

ఒక పల్లెలో ముప్పై ఏళ్ళుగా బాప్తిస్మాలిచ్చి, బల్ల వడ్డించి, పెళ్ళిళ్ళు చేసి, చనిపోయినవారిని సాగనంపిన లండన్ మిషన్ అయ్యగారిని ఊహించుకోండి. ఐక్య సంఘంలోకి రావాలంటే బిషప్పు మళ్ళీ తల మీద చేతులుంచాలని ఆయనతో అంటే, ఇన్నాళ్ళూ తాను చేసిన పరిచర్య చెల్లదని ఒప్పుకున్నట్లే అవుతుంది. అలా కాక ఉన్నవారిని ఉన్నట్లే చేర్చుకుంటే, అపొస్తలుల నుండి చేతి మీదుగా చేతికి వచ్చిన వారసత్వమే సంఘానికి ప్రాణమని నమ్మే ఆంగ్లికన్లకు అది విశ్వాస ద్రోహంగా తోచింది. ఇంగ్లాండులో కవి టి.ఎస్. ఎలియట్ అంతటివాడు 1943లో ఈ పథకాన్ని ఖండిస్తూ చిన్న పుస్తకం రాశాడు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది: ఐక్యతకు ముందు ఏ పద్ధతిలో అభిషేకం పొందిన పాస్టరునైనా తిరిగి అభిషేకం లేకుండా అంగీకరించాలి, ఐక్యత తరువాత జరిగే ప్రతి అభిషేకమూ బిషప్పు చేతిమీదుగా, పెద్దలైన పాస్టర్లు కూడా చేతులుంచగా జరగాలి, 30 ఏళ్ళు గడిచాక మినహాయింపుల సంగతి మళ్ళీ ఆలోచించుకోవాలి. మరీ ముఖ్యంగా, బిషప్పు పదవిని అందరూ అంగీకరించాలి గాని, ఆ పదవి దైవ నియమమా, మంచి ఆచారమా, కేవలం సౌకర్యమా అన్న వ్యాఖ్యానం విషయంలో ఎవరినీ బలవంతం చేయకూడదు. దీన్ని కొందరు గోడమీద పిల్లి వాటం అన్నారు. పదహారు వందల ఏళ్ళుగా తేలని వ్యాఖ్యానాన్ని తేల్చకుండానే కలిసి బల్ల దగ్గరికి రావడం అంతకంటే గొప్ప తెలివి అని నా అభిప్రాయం.

1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) 14 డయోసిస్‌లతో ఏర్పడింది. ఆ రోజే తొమ్మిది మంది కొత్త బిషప్పులకు అభిషేకం జరిగింది. వారిలో లెస్లీ న్యూబిగిన్ స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ సంఘపు మిషనరీ. బిషప్పులను తరిమివేసిన సంఘపు బిడ్డ మధుర, రామనాథపురాలకు బిషప్పయ్యాడు. మరుసటి ఏడాది లాంబెత్ సభలో ఈ అభిషేకాల విలువ గురించి ఆంగ్లికన్ బిషప్పులలో ఏకాభిప్రాయం కుదరలేదు.

సీఎస్‌ఐ బిషప్పును ఏ నియమాలు కట్టి ఉంచుతాయి?

బిషప్పు తన అధికారాన్ని సంఘ రాజ్యాంగానికి లోబడి మాత్రమే వాడాలి. ఆయనను పై నుండి ఎవరో పంపరు. డయోసిసన్ కౌన్సిల్‌లో పాస్టర్లూ, సంఘాల ప్రతినిధులూ ఓటు వేసి కొన్ని పేర్ల జాబితా తయారు చేస్తే, మొత్తం సంఘానికి పై సభ అయిన సినడ్ తరఫున వాటిలో ఒకరిని నియమిస్తారు. మొత్తం సంఘానికి ప్రధాన బిషప్పు అయిన మోడరేటర్‌ను నియమిత కాలానికి సినడే ఎన్నుకుంటుంది. స్థిరాస్తులు బిషప్పు పేరున ఉండవు, సీఎస్‌ఐ ట్రస్ట్ అసోసియేషన్ అనే సంస్థ చేతిలో ఉంటాయి.

కథోలికులు, లూథరన్లు, బాప్టిస్టుల మాట ఏమిటి?

కథోలికుల మేత్రాసనానికి (డయోసిస్‌కు) పీఠాధిపతిని, అంటే బిషప్పును, పోపు నియమిస్తారు, విచారణలోని (స్థానిక సంఘంలోని) విశ్వాసులకు ఓటు లేదు. లూథరన్లకు ఈ విషయం మీద పట్టింపు తక్కువ. స్వీడను వారు బిషప్పులను ఉంచుకున్నారు, గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల ఆంధ్ర లూథరన్ సంఘం చాలా కాలం ప్రెసిడెంటుతోనే నడిచింది. తెలుగు బాప్టిస్టుల ఉమ్మడి సంస్థ పేరే “సమావేశం”. సంఘాలు సమావేశమవుతాయి తప్ప వాటి మీద పాలకుడు ఉండడని ఆ పేరులోనే ఉంది. ఇక ఏ సభా ఎన్నుకోకుండానే గోడపత్రికల మీద తమ పేరుకు ముందు బిషప్ అని వేయించుకునే స్వతంత్ర సేవకులు నేడు కనిపిస్తున్నారు. పాత వాదంలోని ఏ పక్షమూ వారిని తన లెక్కలో వేసుకోదు.

రాజ్యాంగం ఉన్నంత మాత్రాన బిషప్పు అధికారం అదుపులో ఉందా?

కాగితం మీద ఉన్నంత అదుపు ఆచరణలో లేదు. పాస్టర్ల బదిలీలు, మిషను బడులలో ఉద్యోగాలు, పట్టణాల నడిబొడ్డున ఉన్న స్థలాల మీద బిషప్పు ప్రభావం చాలా ఎక్కువ. అందువల్లనే ఎన్నికలు అసెంబ్లీ ఎన్నికలను తలపిస్తాయి, కులమూ ఊరూ లెక్కలోకి వస్తాయి. బిషప్పుల పదవీ విరమణ వయసు పెంపు మీదా, సినడ్ ఎన్నికల మీదా వివాదాలు ఇటీవల మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళాయి. దీన్ని చూపి “బిషప్పులు వద్దన్నవారే గెలిచారు” అనేవారున్నారు. కాని బిషప్పులే లేని సంఘాలు ఆస్తి తగాదాలతో కోర్టుల చుట్టూ తిరగడం లేదా? పెద్దల సభ కూడా నలుగురు ధనవంతుల సభగా మారగలదు. పేతురు “ప్రభువులైనట్టుండక మందకు మాదిరులుగా ఉండుడి” అని హెచ్చరించినది కూడా పెద్దలనే. కౌన్సిల్‌లో కూర్చున్న సభ్యుడు బిషప్ గారి ముందు లేచి లెక్క అడగగలడా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. “అయ్యగారికి ఎదురు చెప్పకూడదు” అని చిన్నప్పటి నుండి నేర్చుకున్న మన సంఘాలలో అది అంత తేలిక కాదు.

బిషప్పు పంపిన పాస్టరును సంఘం వద్దనవచ్చునా?

1947 నాటి ఐక్యతలో ఒక వాగ్దానం ఉంది: తమ మనస్సాక్షికి అభ్యంతరమైన ఆరాధన పద్ధతిని గాని, పరిచర్యను గాని ఏ సంఘం మీదా రుద్దకూడదు. అభిషేకం విషయంలో ఇరుపక్షాల వారినీ కాపాడడానికి ఉద్దేశించిన మాట అది, బదిలీ నచ్చలేదని వాడుకోవలసిన మాట కాదు. బదిలీ మీద అభ్యంతరం ఉంటే స్థానిక సంఘపు పాస్టరేట్ కమిటీ ద్వారా డయోసిస్‌కు రాతపూర్వకంగా తెలపడమే పద్ధతి.

అందరూ ఆ ఐక్యతలో చేరారా?

చేరలేదు. తెలుగు నేల మీదనే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు వేల సంఖ్యలో బయట ఉండిపోయారు. బిషప్పు అభిషేకం లేని పాస్టర్ల చేతి బల్లను అంగీకరించడం వారిలో పలువురికి సాధ్యం కాలేదు. వారు సీఎస్‌ఐలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది, నంద్యాల తరువాత ఒక డయోసిస్‌గా అందులో నిలిచింది. అభిషేకపు శుద్ధి కోసం అంత పట్టుదల చూపిన ఆ నంద్యాలకే 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా అభిషేకం పొందారు. సీఎస్‌ఐలో బిషప్పయిన మొదటి స్త్రీ ఆమె.